సెంటర్లో రెండోవాడు

నిన్న సాయంత్రం వంటింట్లో కింద కూర్చుని గోంగూర వలుస్తున్నాను. హాల్లో మా మనవడూ వాడి స్నేహితులిద్దరూ టీవీ కట్టేసి మరీ పోట్లాడుకుంటున్నారు. వినేవాళ్ళు ఆస్తి తగాదా అనుకోవాలి, అంత గట్టిగా. తీరా చెవి పెట్టి వింటే సంగతి ఇదీ: ఎక్కడో సముద్రాల అవతల డబ్బు తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళలో ఏ స్థానానికి ఎవరు గొప్పో తేల్చాలట. గార్డులు ఇద్దరు, ఫార్వర్డులు ఇద్దరు, సెంటర్ ఒకడు. వీళ్ళు ముగ్గురూ జన్మలో ఆ బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. కాలేజీకి మూడు వీధుల దూరం కూడా బండి మీద పోయే వీరులు. నాలో నేను నవ్వుకుంటున్నాను. అంతలో ఒకడు "సెంటర్" అని కేక పెట్టాడు. నా చెయ్యి ఆగిపోయింది. తల దానంతటదే వెనక గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు. మేముండేది విజయనగరంలో మూడో అంతస్తు, ఆ గుమ్మానికి అవతల బట్టలారేసుకునే తీగలు తప్ప ఏమీ లేవు. అయినా ఆ మాట చెవిన పడితే నా తల అలా తిరుగుతుంది. అది నా జబ్బు కాదు, మా తోడికోడలి దగ్గర అంటుకున్నది.

పొందూరు నుంచి కోటబొమ్మాళికి నేను కోడలిగా వెళ్ళింది అరవయ్యేడులోనో ఎనిమిదిలోనో. మా పుట్టింట్లో నాన్న బడిపంతులు, మాకు తెలిసిన చప్పుళ్ళు రాట్నాలవీ మగ్గాలవీ. అత్తవారింట్లో మొదటి సాయంత్రమే ఇంటి వెనకనుంచి టక్కు టక్కుమని ఒక చప్పుడు, మధ్యలో కేకలు. దొంగలేమో అనుకున్నాను. నూర్పులు అయిపోయిన కళ్ళాన్ని పేడతో అలికి, సున్నంతో గీతలు గీసి, రెండు వెదురు గడల మధ్య వల కట్టి మా ఇంటి మగవాళ్ళు బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. నిమ్మకాయంత పసుపు ఊలు బంతి, నరాలు బిగించిన బ్యాట్లు, పక్కకి అయిదుగురు. వల దగ్గర ఇద్దరు ఫ్రంటు, వెనక ఇద్దరు బ్యాకు, అందరి మధ్యలో సెంటర్. ఆ సెంటర్ మా బావగారు, అంటే మా ఆయనకి అన్న. మా ఆయన రైట్ ఫ్రంటు. బంతి ఇద్దరి మధ్య పడేలా ఉంటే అది ఎవరు కొట్టాలో మా ఆయన కేక వేసి చెప్పేవారు. అన్నిటికన్నా ఎక్కువగా వినబడే కేక "సెంటర్". కష్టమైన బంతులన్నీ బావగారి వంతే మరి.

ఆట ఒక వంతు అయితే ఆట తర్వాత అరుగు మీద జరిగేది మూడు వంతులు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుని, జిల్లా మొత్తంలో ఏ స్థానానికి ఎవరు మొదటివాడో తేల్చేవారు. రోజూ తేల్చేవారు, మర్నాటికి అది మళ్ళీ తేలకుండా పోయేది. టెక్కలిలోనూ నరసన్నపేటలోనూ పందేలు పెట్టినప్పుడు కిరాయికి వచ్చి ఆడే ఆటగాళ్ళుండేవారు. రైలు ఛార్జీ, భోజనం, చేతిలో కాస్త పైకం ఇచ్చి తెచ్చుకునేవారు వాళ్ళని. వాళ్ళనీ లెక్కలోకి తీసుకునేవారు. న్యాయమూర్తి మా మావగారు. ఆయన జన్మలో బ్యాట్ పట్టలేదు గాని, చూసిన ఆట ఒక్కటీ మరిచిపోలేదు. ఫ్రంటు, బ్యాకు తగువులు ఎలాగో ఒక కొలిక్కి వచ్చేవి. సెంటర్ దగ్గరకొచ్చేసరికి అరుగు అదిరేది. కిరాయికి ఆడే వాళ్ళలో విజయనగరం మనిషి ఒకాయన ఉండేవాడు, పొట్టిగా, బక్కగా. మావగారి తీర్పు ఎప్పుడూ ఆయనకే.

"ఇజీనగరం పొట్టోడి తరవాతే ఎవుడైనా. మావోడికి ఎడం పక్క సెయ్యి లెగదు" అనేవారు.

"ఏటి నాన్నా, లోకంలో ఏ తండ్రైనా కొడుకుని రెండోవోడంటాడేటి?" అని బావగారు మూతి ముడిచేవారు. ఆరడుగుల మనిషి, మీసాలున్న మనిషి, అచ్చం చిన్నపిల్లాడిలాగ.

"తండ్రినని అబద్దమాడమంటావేటి?" అనేవారు మావగారు.

తలుపు వెనక ఇదంతా వినే మనిషి మా తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. మావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో కోడళ్ళకి లేదు. అంచేత అక్క తన అభిప్రాయాన్ని గిన్నెలతో చెప్పేది. బావగారిని రెండోవాడన్న రాత్రి వంటింట్లో ఇత్తడి సామానంతా ఏకమై మోగేది. చారులో ఉప్పు ఎక్కువయ్యేది. మావగారు ఒక గుక్క తాగి మజ్జిగ పోయించుకునేవారు. తీర్పు మాత్రం మార్చేవారు కాదు.

మొగుడి పేరు నోటితో చెప్పకూడదన్న పట్టింపు అక్కకి నాకన్నా ఎక్కువ. పిల్లలుంటే ఫలానావాడి నాన్న అనొచ్చు, వాళ్ళకి పిల్లల్లేరు. అందుకని ఆయన్ని "మా సెంటరు" అనేది. "మా సెంటరు ఇంకా రానేదు, అన్నం సల్లారిపోతాది" అనేది. ఒకసారి ఓటర్ల జాబితా రాసుకునే ఆయన వచ్చి "మీ ఆయన పేరేటమ్మా?" అని అడిగితే, అక్క తల వంచుకుని "సెంటరు" అంది. ఆయన పాపం కాయితం మీద కలం పెట్టి "సెంటర్లో ఏ ఈది?" అన్నాడు. "ఈది కాదు బాబూ, ఎనకాల కళ్ళంలో ఉన్నాడు, కేకెయ్యండి" అంది అక్క. ఆ రోజు నేను నవ్విన నవ్వుకి అక్క రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాతి వానాకాలం బావగారికి కామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోయించారు, చేతికి వాత పెట్టించారు, ఉప్పూ నూనే మానిపించారు. చివరికి బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి అదే బండిలో తీసుకొచ్చారు. అంతటి మనిషి అంత తొందరగా అయిపోతాడని మాలో ఎవరికీ తోచలేదు. అక్క పెద్దగా ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఆవిడని చూస్తే భయం వేసేది.

నూర్పులు అయ్యాక మాఘమాసంలో మళ్ళీ కళ్ళం అలికారు. ఆట మానేస్తే ఇల్లు మరీ పాడుపడినట్టుంటుందని మావగారే అన్నారట. బావగారి చోట రైల్వే స్టేషన్లో పనిచేసే కుర్రాణ్ణి నిలబెట్టారు. నేనూ అక్కా వంటింట్లో ఉన్నాం. చాలా నెలల తర్వాత ఆ టక్కు టక్కు చప్పుడు. ఇంతలో బంతి మధ్యకి వచ్చినట్టుంది, మా ఆయన అలవాటు కొద్దీ "సెంటర్" అని కేక వేశారు. అక్క చేతిలో గరిట కింద పెట్టింది. దండెం మీద తువ్వాలు తీసుకుంది. వెనక గుమ్మం దాటి నిలబడింది, రోజూ ఆట అయ్యాక ఆయనకి తువ్వాలు అందించడానికి నిలబడినట్టే. కళ్ళంలో అందరూ ఆగిపోయారు. బంతి దొర్లుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గరికి వచ్చింది. అక్క ఒక్కొక్క మొహమే చూసింది. తర్వాత తువ్వాలు మడిచి లోపలికి వచ్చేసింది.

ఆ రోజునుంచి మా కళ్ళంలో ఆ మాట ఎవరూ అనలేదు. బంతి మధ్యకి వస్తే మా ఆయన నోరు తెరిచి మూసేసేవారు. కేక లేక ఇద్దరు ముగ్గురు ఒకేసారి కదిలేవారు, లేదా ఎవరూ కదిలేవారు కాదు, బంతి నేల మీద పడేది. అరుగు మీద ఇంకా ఘోరం. ఫ్రంటు గురించి నాలుగు మాటలు, బ్యాకు గురించి నాలుగు మాటలు, ఆ తర్వాత మావగారు "అక్కడ మా పెద్దోడే. ఇంక మాట నేదు" అనేవారు. అందరూ తలలూపేవారు. ఎవరి ఇంటికి వాళ్ళు పోయేవారు. వంటింట్లో గిన్నెలు మోగేవి కావు. చారు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

బావగారి బ్యాట్ నడవలో మేకుకి వేలాడుతూ ఉండేది. తేమ పట్టిన నరాలు ఉండి ఉండి వాటంతటవే తెగుతాయట, మా ఆయన తర్వాత చెప్పారు. అప్పుడు నాకు తెలీదు. దీపాలు పెట్టే వేళ నడవలోంచి ఒక్కసారి టక్కుమనేది. బంతి తగిలిన చప్పుడే. నా ఒళ్ళు జల్లుమనేది. అక్క మాత్రం పని ఆపి నా వైపు చూసి "పిలిసారేటే సెల్లీ?" అనేది. లేదక్కా అనేదాన్ని. "పిలవరు" అనేది తనే, మళ్ళీ పనిలో పడుతూ. "ఆళ్ళు పిలవడం మానీసారు." అక్క రోజురోజుకీ సన్నగిల్లిపోతోంది. ఆవిణ్ణి పుట్టింటికి పంపేస్తే నయమని అత్తగారు అనడం మొదలుపెట్టారు. బావగారి వెనకే ఈవిడ కూడా పోతుందని ఇంట్లో అందరికీ లోపల లోపల ఉంది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఆ విజయనగరం మనిషి వచ్చాడు. టెక్కలిలో ఆడి తిరిగి వెళుతూ, కబురు అప్పుడే తెలిసి, మా స్టేషన్లో రైలు దిగిపోయాడట. అరుగు చివర ఒద్దికగా కూర్చున్నాడు. మర్యాదకి ఆ మాటా ఈ మాటా అయ్యాక, మా ఆయన ఏదో ఒకటి మాట్లాడాలని ఆ పాత లెక్క ఎత్తారు. ఫ్రంటు అయింది, బ్యాకు అయింది. మావగారు వచ్చినాయన వైపు చూడకుండానే "మధ్యలో మా పెద్దోడే" అన్నారు. "అవును బాబూ, నానేటి, ఆయన ముందర" అన్నాడు ఆయన చేతులు జోడిస్తూ. అందరూ తలలూపారు.

అప్పుడు తలుపు తీసుకుని అక్క అరుగు మీదకి వచ్చింది. ఆ ఇంట్లో అలా రావడం అదే మొదటిసారి.

"మావా, అబద్దమాడకండి" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆయనున్నన్నాళ్ళూ రెండోవోడే గదా. ఒక్కపూటైనా మొదటోడని ఒప్పుకున్నారేటి? ఇప్పుడేటి అందరూ ఒక్క మాట మీదున్నారు? మీరలగ తగువు నేకుండా మొదటోడు మొదటోడంటంటే, ఆయన నేడని రోజూ నా సెవిలో సెప్పినట్టే ఉన్నాది. రెండోవోడనండి. తగువు పడండి. సెంటరన్న మాట కూడా మింగేస్తన్నారు, మింగకండి. కేకెయ్యండి. నాను గుమ్మం కాడికొస్తే వస్తాను. ఎవులూ నేకపోతే మళ్ళీ ఎలిపోతాను."

మావగారు ఏమంటారోనని నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన పైపంచెతో మొహం తుడుచుకున్నారు. "మావోడికి… ఎడం పక్క సెయ్యి లెగదు" అన్నారు. లేవదు అన్నారు, లేచేది కాదు అనలేదు.

"ఎవులన్నారు?" అన్నారు మా ఆయన. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "మందస పందెంలో ఎడం పక్కనించి తీసిన బంతి మాటేటి?"

విజయనగరం మనిషి అక్క వైపు ఒకసారి, మావగారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా, "ఆ బంతి గీత అవతల పడింది బాబూ. నానక్కడే ఉన్నాను" అన్నాడు. "గీత మీద పడింది" అన్నారు మా ఆయన. "గీత మీదేటి, జానెడు అవతల" అన్నారు మావగారు. అంతే, పాత రోజుల్లోలాగ అరుగు అదిరిపోయింది. తీర్పు మావగారు ఎప్పటిలాగే పొట్టాయనకే ఇచ్చారు. అక్క గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. వంటింట్లో ఇత్తడి సామానంతా ఒక్కసారి మోగింది. ఆ గోలకి అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు.

ఆ పూట చారులో ఉప్పు ఎక్కువైంది. మావగారు గుక్క తాగి, గ్లాసు చాపి, "ఇంకాస్త పొయ్యమ్మా" అన్నారు.

మర్నాటినుంచి కళ్ళంలో మళ్ళీ కేకలు. ఆ మాట వినగానే అక్క గుమ్మం దగ్గరికి వెళ్ళేది, చూసేది, వచ్చేసేది. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేసి తల మాత్రం తిప్పేది. పక్కనే కూర్చుని, ఆవిడ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పేదాన్ని. అక్క చాలా ఏళ్ళు బతికింది. చివరిదాకా ఆయన్ని రెండోవాడన్న వాళ్ళ మీద కోపంగానే ఉంది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. మా ఆయన పోయాక వచ్చినవాళ్ళందరూ ఆయనంత మంచివాడు లేడన్నారు, అంత ఆటగాడు లేడన్నారు. నేను ఒప్పుకోను. రైట్ ఫ్రంటులో ఆయన మూడోవాడు, అదీ నా మొహం చూసి. ఆ మాట పైకే అంటూ ఉంటాను, ఏటీ అని ఆయన ఎదురు తిరుగుతారేమోనని.

గోంగూర పక్కన పెట్టి హాల్లోకి వెళ్ళాను. "సెంటర్లో ఎవడు మొదటివాడని తేల్చార్రా?" అని అడిగాను. "అది ఒప్పేసుకున్నాం అమ్మమ్మా" అన్నాడు మా మనవడు. "అంత తొందరగా ఒప్పుకోకండి" అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. కాలం, పోయినవాళ్ళందరికీ అడక్కుండానే మొదటి స్థానం ఇచ్చేస్తుంది. కాదు, నువ్వు రెండోవాడివే అని వాళ్ళతో తగువు పడే మనుషుల్నే ఒక్కొక్కరిగా తీసుకుపోతుంది.