బాపు కొవ్వు గోలి

ఆ వానాకాలం పురానాపూల్ దగ్గర మా గల్లీలోకి మోరీలోని మురుగు నీళ్లు ఎగదన్నాయి. నీళ్ల శాఖలో పైపులు బిగిస్తూ రిటైరైన బాపుకు అలాంటప్పుడు ఇంట్లో కాలు నిలవదు. మునిసిపాలిటీ వాళ్లు వస్తారు, ఆగమని నేను చెబుతూనే ఉన్నాను. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, గడ్డపారతో మోరీ మీది ఇనుప జాలీ లేపడానికి వెళ్లాడు. నీళ్లలో ఏదో రేకు పాదంలో దిగింది. పసుపు అద్ది ఊరుకున్నాడు.

కొన్నాళ్లకే కాలు పిక్క దాకా ఎర్రగా ఉబ్బింది. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఎప్పుడో పోయిన మా అమ్మను పిలిచి చారు పొయ్యమన్నాడు. అన్నకు ఫోన్ చేసి, బాపును ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను.

అన్న లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో పని చేస్తాడు. చేతులకు అంటిన మెరుపు పొడితోనే ఆసుపత్రికి వచ్చాడు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, బీపీ నిలవడం లేదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టర్లు అన్నారు. బాపును ఐసీయూలోకి తీసుకుపోయారు.

గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి బాపు రోజూ అన్నం తిన్నాక కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాడు. కొవ్వు గోలి అనేవాడు దాన్ని. మర్నాడు నర్సును అడిగితే ఆ గోలి ఆపారని చెప్పింది. అంతకు ముందే, బయట బెంచీ మీద కూర్చోలేక ఫోన్‌లో ఏవేవో చదివాను. ఆ గోలి కొవ్వునే కాదు, ఒంట్లో వాపునూ తగ్గిస్తుందట. అది వాడేవాళ్లు ఇలాంటి జబ్బు నుంచి బయటపడే అవకాశం ఎక్కువట. మరి అలాంటిదాన్ని ఇప్పుడే ఆపడమేమిటి? తలుపు దాకా వెళ్తాను, మళ్లీ మెట్ల దాకా వస్తాను. టీ తెచ్చుకున్నాను గానీ తాగలేదు.

అన్నది ఇంకో గోల. వాళ్ల దుకాణానికి వచ్చే ఒకాయనకు ఆ గోలితో ఒళ్లునొప్పులు పట్టుకున్నాయట.

"గా గోలితోనే బాపు ఒంట్ల బలం పోయింది. ఆపిన్రంటే మంచిదే" అన్నాడు.

"గట్లనకు అన్నా. గదే ఆయన్ని కాపాడుతది."

మా గొంతులు పెరిగేసరికి లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది. కోస్తా వైపు మాట ఆమెది. ఇద్దరినీ కిటికీ దగ్గరికి పిలిచి ఓపికగా చెప్పింది. ముందు నుంచీ ఆ మాత్ర వాడేవాళ్లలో చావులు తక్కువని కొందరు గమనించిన మాట నిజమేనట. కానీ రోజూ మందు మరవని మనిషి చెకప్‌లకూ వెళ్తాడు, ఒళ్లూ చూసుకుంటాడు. నిలబెట్టింది మాత్రో ఆ జాగ్రత్తో విడదీయడం కష్టం. జబ్బు పడ్డాక కొత్తగా ఇచ్చి చూసినప్పుడు మాత్రం పెద్దగా లాభం తేలలేదట.

"మరి మా బాపుకు?" అన్నాను.

"ఆపితే నష్టమో కాదో నేను గట్టిగా చెప్పలేనండీ. లివర్ రిపోర్ట్ బాగోలేదు కాబట్టి ఆపాం. అది కుదుటపడ్డాక గుండె కోసం మళ్లీ ఇస్తాం. ఇప్పుడు ముఖ్యం ఆ కాలు. కుళ్లిన వేళ్లు తీసెయ్యాలి. మీలో ఎవరు ఒప్పుకుంటారు?"

మా లొల్లి అక్కడితో ఆగింది. అన్న నా వైపు చూశాడు, నేను అన్న వైపు చూశాను. చివరికి ఇద్దరం తలూపాం.

రెండు వేళ్లు తీసేశారు. మెల్లగా బీపీ నిలబడింది. గోలి మళ్లీ మొదలుపెట్టకముందే బాపు కళ్లు తెరిచాడు. ఇన్నేళ్లూ వాడిన గోలి బలం లోపల మిగిలి ఉందేమోనని నాకు, అది ఆపడమే మంచిదైందని అన్నకు అనిపించింది. లివర్ కుదుటపడ్డాక నర్సు ఆ గోలిని పొడి చేసి, నీళ్లలో కలిపి, ముక్కులోని గొట్టంలో పోస్తుంటే పక్కపక్కనే నిలబడి చూశాం.

ఇంటికొచ్చాక బాపు సంగతంతా విన్నాడు. "ఇంతకు నన్ను బతికించింది ఏంది బిడ్డా?" అని అడిగాడు.

"తెల్వదు బాపు. డాక్టరమ్మకు గూడ పక్కాగ తెల్వదు. గుండెకైతే ఏస్కోవాలె."

ఆయన సరేనని గ్లాసు అందుకున్నాడు. నాకే మనసు నిలవలేదు. ఇప్పటికీ వార్తల్లో ఆ మందు మాట కనబడితే చేతిలో పని వదిలేసి చదువుతాను.

మొన్న అన్న రక్త పరీక్ష చేయించుకున్నాడు. కొలెస్ట్రాల్ ఎక్కువే వచ్చింది. డాక్టర్ దగ్గరికి తోడు రమ్మన్నాడు. మా వంతు వచ్చేలోపు ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచాడో.

"గా గోలే రాసిస్తే ఏం జెయ్యాలె చెల్లె?"

"నీకున్న భయమంతా ఆయనకే చెప్పు. నాకు తెల్వనిది నేనేం జెప్పను?" అన్నాను. అంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు.