సందు లేని రాతి పెట్టె

మా ఇద్దరిలో రెక్కలు ఆయనవి, లెక్కలు నావి. ఆయన వికారాబాద్‌లో దర్జీ, ఇంటి ముందు గదే దుకాణం. నేను తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో కొలతలు చూస్తాను. బండ చూడగానే ఎన్ని చదరపు అడుగులో నోటితో చెప్పేస్తాను, తరవాత టేపు పెట్టినా పెద్దగా తేడా రాదు. చదివింది పదో తరగతి. వోల్టులూ ఆంపియర్లూ ఫోన్‌లో చూసి నేర్చుకున్నవే.

ఇంట్లో పరిచే బండల కోసం ఒకసారి ఆయన మా యూనిట్‌కు వచ్చాడు. నా ఫోన్‌లో రిమోట్ విమానం వీడియో ఆడుతుంటే నిలబడి చూస్తూ, వచ్చిన పని మరిచిపోయాడు. అప్పటి నుంచి ఆయన నాకు మాస్టర్, నేను ఆయనకు భాయ్.

ఇద్దరం కలిసి రిమోట్ విమానాలు చేయడం మొదలుపెట్టాం. రెక్కల కోసం ఫోమ్ షీటును ఆయన కోటు గుడ్డ కోసినట్టు కోసేవాడు. రెండు రెక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి నేను స్టీలు స్కేలుతో కొలిచేవాణ్ణి.

"ఎంత?" అనేవాడు.

"రెండు మిల్లీమీటర్లు. ఎడమది ఎక్కువ."

"జర మొహమాటానికన్నా సరిపోయిందని అనవు గదా! స్కేలు గిట్ట మింగినవా భాయ్?" అని నవ్వుతూ మళ్ళీ కత్తెర అందుకునేవాడు.

వికారాబాద్ బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్ ఒకటి ఉంది. ఇళ్ళు లేవు కానీ రోడ్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున అక్కడే ఎగరేసేవాళ్ళం. నేను తాండూరు నుంచి రైల్లో వచ్చేవాణ్ణి. మా విమానాలకు వాడే లిపో బ్యాటరీ చూడటానికి సిగరెట్ పెట్టెంత ఉంటుంది కానీ, లోపల దెబ్బ తగిలినా, ఎక్కువ చార్జ్ అయినా, పెట్రోలులా మండుతుంది. నిండా చార్జ్ చేసి రైల్లో తేకూడదని సగం చార్జ్‌తో తెచ్చి, ఆయన దుకాణంలోనే నింపేవాణ్ణి. దుకాణం నిండా గుడ్డలు. అందుకే మొదట్లో ఇస్త్రీ బల్ల కింద ఒక బకెట్ నిండా ఇసుక పెట్టించాను. చార్జ్ అయ్యేదాకా కదలకుండా అక్కడే కూర్చునేవాణ్ణి.

తరవాత నాకు రాతి పెట్టె చేయాలన్న ఆలోచన వచ్చింది. తాండూరు వాణ్ణి, రాయి కాలదని నాకు ఎవరు చెప్పాలి? ఆరు బండ ముక్కలు కోయించి, గమ్‌తో అతికించాను. మూతను మిషన్ మీద ఎంత అరగదీశానంటే, మూసిన తరవాత సందులో కాగితం కూడా దూరలేదు. వైరు దూర్చిన రంధ్రంలో మిగిలిన సందును కూడా గమ్‌తో పూడ్చాను. యూనిట్‌లో పనివాళ్ళు చుట్టూ చేరి చూశారు. "దీంట్ల నీళ్ళు పోసినా కారయి సార్," అన్నాడొకడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

పొగ పోవడానికి సందు వదలాలని చదివాను. చదవలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. దర్జీ దుకాణంలో గాలి నిండా గుడ్డల నూగు, అది లోపలికి పోతే అంటుకుంటుందని నాకు నేనే చెప్పుకుని సందు లేకుండా మూశాను. బ్యాటరీ మండితే వచ్చే గ్యాస్ ఎక్కడికి పోవాలో లెక్క వేయలేదు. ఇంకొకటి, మా బండ పొరలు పొరలుగా ఉంటుంది. క్వారీ పనివాళ్ళు బండ మీద పొయ్యి పెడితే టప్‌మని పొర లేవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణే.

పెట్టె వచ్చాక, "ఇంక ఇసుక బకెట్ అవసరం లేదు మాస్టర్," అని నేనే చెప్పాను. ఆయన భార్య ఆ బకెట్‌ను గుమ్మం పక్కకు జరిపి, ఇసుకలో మట్టి కలిపి పుదీనా వేసింది.

పోయిన జూన్‌లో, బడులు తెరిచే ముందు, దుకాణంలో యూనిఫాం గుడ్డ నడుమెత్తున ఉంది. అంతకుముందు ఆదివారం విమానం ముక్కు వెంచర్ రోడ్డు అంచు రాయికి తగిలి, బ్యాటరీ మూల సొట్ట పడింది. మీటర్ పెట్టి చూశాను. మూడు సెల్లులూ మూడు పాయింట్ ఎనిమిది వోల్టుల దగ్గర సమంగా ఉన్నాయి.

"మూలకు సొట్ట వడ్డది గదా భాయ్, పెట్టొచ్చునా?" అన్నాడు.

"లెక్క సరిగ్గనే ఉంది మాస్టర్. ఏం గాదు."

"నువ్వు సరే అంటే సరే."

పెట్టెలో పెట్టి, మూత మూసి, చార్జర్ ఆన్ చేశాను. రెక్క కట్టే రబ్బరు బ్యాండ్లు తెగిపోయి ఉన్నాయి. పెట్టె ఉంది కదా అని కొత్తవి కొనడానికి స్టేషన్ రోడ్డుకు వెళ్ళాను. అంతకుముందు చార్జ్ అవుతున్న బ్యాటరీని వదిలి నేను ఎప్పుడూ కదలలేదు.

తిరిగి వస్తుంటే చప్పుడు వినిపించింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాను. మలుపు తిరిగాక ఆయన దుకాణంలోంచి తెల్లటి పొగ కనిపించింది.

మూత పొరలుగా చీలి, ఒక ముక్క గోడలో గుచ్చుకుంది. మంట యూనిఫాం గుడ్డ వైపు కొట్టింది. ఆయన వైరు పట్టుకుని బ్యాటరీని బయటికి లాగి రోడ్డు మీద వేశాడు. కరిగిన ప్లాస్టిక్ కుడి అరచేతికి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య అంటుకుపోయింది. ఆయన భార్య పుదీనా బకెట్ ఎత్తి బ్యాటరీ మీద బోర్లించింది. నేను వెళ్ళేసరికి ఆయన చేతిని నీళ్ళ తొట్టిలో పెట్టుకుని కూర్చున్నాడు. వీధంతా కాలిన ప్లాస్టిక్ వాసన, దాంట్లో కలిసిపోయిన పుదీనా వాసన. నా చేతిలో రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్.

కాలిన చోట చర్మం మానేటప్పుడు బిగుసుకుంటుందని డాక్టర్ చెప్పాడు. వ్యాయామం చేయాలట. బొటనవేలు మళ్ళీ కత్తెర పట్టేంత తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పుస్తకాలు పట్టే చేయి అయితే ఆ మాట అంత బరువుగా ఉండేది కాదేమో. ఆయన చేయి ఇరవై ఏళ్ళకు పైగా కత్తెర పట్టిన చేయి.

ఆసుపత్రి వరండాలో నేను బెంచీ మీద తల దించుకుని కూర్చుంటే ఆయన భార్య వచ్చి నిలబడింది.

"ఏం భాయ్‌సాబ్, ఆ పెట్టెకు గాలి పోనీకె సందు పెట్టలే. మీ నోటికి గూడ పెట్టలేదా? ఏదన్న ఒకటి మాట్లాడుండ్రి."

"తప్పంతా నాదే భాభీ."

"అది మాకు ఎరికే. ఇంకేదన్న చెప్పుండ్రి."

నేను తల ఎత్తలేదు. ఆమే లోపలికి వెళ్ళింది. "మీ దోస్తు మాట్లాడుడు బందైంది," అని ఆమె అంటే, "నా వేలు కంటె గదే పరేషాన్ ఉన్నది," అని ఆయన నవ్వడం తలుపు ఇవతలికి వినిపించింది. ఆ నవ్వు వినలేక మెట్లు దిగిపోయాను.

కట్లు విప్పిన తరవాత ప్రతి ఆదివారం ఆయన చేయి చాపేవాడు. బొటనవేలి కొస నుంచి చూపుడు వేలి కొస దాకా నేను స్కేలు పెట్టి కొలవాలి. బాగున్న ఎడమ చేతికి నూట నలభై మిల్లీమీటర్లు. కుడి చేయి మొదట్లో కొంచెం కొంచెంగా తెరుచుకుంది. తరవాత ఆగిపోయింది. ఆగిన చోటే ఉండిపోయింది.

ఒక ఆదివారం స్కేలు తొంభై నాలుగు చూపించింది.

"ఎంత?"

"నూట రెండు," అన్నాను.

ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు. నా మొహం వంక చూస్తూ ఉన్నాడు.

"పొద్దుగాల ఎడమ చేత్తోని టేపు పట్టుకోని నేనే చూసుకున్న భాయ్."

నేను స్కేలు కిందికి దించాను.

"ఒక్కపారి నీ లెక్క తప్పింది, అయిపాయె. దానికి నాకేం కోపం లేదు. గాని ఎరిక ఉండి తప్పు చెప్తే, ఇంక నేను ఎవన్ని అడగాలె? మంచిగైందని అబద్ధం చెప్పెటోళ్ళు గల్లీల మస్తుమంది ఉన్నరు."

స్కేలు మళ్ళీ పెట్టాను. "తొంభై నాలుగు. పోయిన వారం గూడ అంతే."

ఆయన లేచి కత్తెర తెచ్చుకున్నాడు. బొటనవేలు కత్తెర రింగులో సగం దాకే పోయింది. అట్లాగే ఒక ఫోమ్ ముక్కను మోకాలి మీద పెట్టుకుని, పళ్ళు బిగించి కోయడం మొదలుపెట్టాడు. పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. రెండు రెక్కలు నా ముందు పడేశాడు.

"గిది గూడ చెప్పు."

"ఏడు మిల్లీమీటర్లు. కుడిది తక్కువ."

"ఏడా!" అన్నాడు. మొహం ఒక్క క్షణం వాడింది. మళ్ళీ కత్తెర అందుకుని, పెద్ద రెక్కను తన వైపు లాక్కున్నాడు.

ఇప్పుడు బ్యాటరీని ఆయన పెరట్లో చార్జ్ చేస్తున్నాను. చుట్టూ గుడ్డ లేని చోట, సగం ఇసుక నింపిన మట్టి కుండలో పెడతాను. పైన మూతకు బదులు ఇసుక సంచి వదులుగా ఉంటుంది. సొట్ట పడినవాటిని, ఉబ్బినవాటిని మీటర్ ఏం చెప్పినా చార్జ్ పెట్టను. ఆయన ఎగరేయడం మానలేదు, కానీ గుడ్డ కోయడానికి వేరే మనిషి వస్తున్నాడు. ఆ మనిషి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే నేను చూడలేను.

మొన్న ఆదివారం ఆయన భార్య లోపలి నుంచి టీ తాగమని పిలిచింది.

"ఇంకా చార్జ్ కాలేదు భాభీ," అన్నాను.

ఆమె గ్లాసు బయటికే తెచ్చి నా పక్కన గట్టు మీద పెట్టింది. "ఇప్పుడు కూసునుడు నేర్చుకున్నరు," అంది. నవ్వలేదు. తలుపు దగ్గర కూర్చుని మాస్టర్ ఫోమ్ కోస్తున్నాడు. కత్తెర మధ్య మధ్యలో ఆగి, మళ్ళీ కదులుతున్న చప్పుడు వింటూ, నేను కుండ వైపే చూస్తూ కూర్చున్నాను.