సంతకం నాది, కుట్లు ఆవిడకి

పదేళ్ల కిందట, జనవరిలో, నన్ను రాజమండ్రిలో ఒక ప్రభుత్వ బాలికల గృహానికి సూపరింటెండెంటుగా వేశారు. ముప్పై ఇద్దరు ఆడపిల్లలు, ముగ్గురు హౌస్‌మదర్లు. పిల్లలను నిద్రలేపడం నుంచి జడలు వేయడం దాకా అన్నీ చూసేది హౌస్‌మదరే. కాంట్రాక్టు ఉద్యోగం, మా అందరిలోకీ కింది మెట్టు.

వచ్చిన నెలకే పిల్లలందరినీ కడియం పూలమొక్కల నర్సరీలకు తీసుకెళ్తానని చెప్పేశాను. ఇక చూడాలి ఆ సంబరం! వాళ్ల సంగతేమో గానీ, ముందురోజు నాకే నిద్ర పట్టలేదు.

పిల్లలు గేటు దాటాలంటే ఒక్కొక్కరికీ బాలల సంక్షేమ కమిటీ అనుమతి కావాలి. పదహారేళ్ల మంగకు రాలేదు. ఆ సంగతి నాకు ముందురోజు సాయంత్రమే తెలుసు. ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఆ పిల్లకు చెప్పలేదు. జాబితాలో ఆమె పేరు కొట్టేసి, సంతకం పెట్టి, ఉదయం హౌస్‌మదర్ సత్యవతి గారి చేతికిచ్చి, బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను.

మంగ కొత్త గౌను వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని బస్సు మెట్టెక్కింది. "నీ పేరు లేదమ్మా" అన్నారు సత్యవతి గారు. అంతే. మంగ చేతిలోని స్టీలు నీళ్ల సీసా విసురుగా ఆవిడ నుదుటికి తగిలింది. ఒకటే అరుపులు, రక్తం! నేను దూకినట్టే దిగి మంగను పట్టుకున్నాను. ప్రయాణం ఆగిపోయింది. ఆవిడకు నాలుగు కుట్లు పడ్డాయి.

ఇలాంటప్పుడు రిజిస్టరులో "కాలు జారి పడ్డారు" అని రాయడం మా ఆనవాయితీ. విచారణ ఉండదు, పిల్లను వేరే గృహానికి పంపించరు. కానీ గాయపడ్డవాళ్లకు సెలవూ ఉండదు. నేనూ అదే రాద్దామన్నాను.

సత్యవతి గారు కట్టు సర్దుకుంటూ, "రాయండి మేడమ్ గారూ. నిన్ననే చెప్పుంటే ఆ పిల్ల నాలుగేడుపులు ఏడ్చి ఊరుకునేదండి. మీకు నిన్ననే తెలుసంట కదా?" అన్నారు.

సిగ్గేసింది. నా జాప్యంతో సహా జరిగింది జరిగినట్టే రాశాను. విచారణలో నాకు మెమో వచ్చింది. విధుల్లో తగిలిన గాయం కాబట్టి ఆవిడకు సెలవిచ్చారు. మంగను మా దగ్గరే ఉంచారు.

మరుసటి నెల ఇంటికి వెళ్లే అనుమతి రాని ఒక అమ్మాయిని నా గదికి పిలిచి, కూర్చోబెట్టి, ముందురోజే నేనే చెప్పాను. బల్ల మీది గాజు గ్లాసు నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలి పగిలింది. కానీ ఈసారి అది రావలసిన మనిషి వైపే వచ్చింది.

"లేదు" అన్న మాటను దాని మీద సంతకం పెట్టినవాళ్లే చెప్పాలి. చెప్పే గదిలో గాజు సామాను ఉంచకూడదు.