తిల్లి ముక్క అక్కది... తిన్నది నేను

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారకముందే మా అమ్మ నన్ను లేపేది. "లెవ్వురా, సైదులు తాత యాటను కోస్తున్నడు. లేటయితే తిల్లి వేరేటోళ్లకు పోతది!"

మాది మోతె దిక్కు. మా ఊర్ల యాటలు కోసేది సైదులు తాత ఒక్కడే. యాటకు కడుపు పక్కన తిల్లి ఒక్కటే ఉంటది... అరచెయ్యంత, నల్లగ, మెత్తగ. తింటే ఒంట్ల రక్తం పడ్తదని మా దిక్కు కడుపుతోటున్నోళ్లకు పెడ్తరు.

అప్పుడు మా అక్క తొలి కాన్పుకని మా ఇంటికొచ్చింది. సూర్యాపేట దవాఖానల డాక్టరమ్మ "రక్తం మస్తు తక్కువున్నది" అని గోలీలిచ్చింది. అమ్మకు గోలీల మీద నమ్మకం లేకుండె. తిల్లి మీదనే.

నేను పోయి నిలబడితే తాత నవ్వేటోడు. "ఏమిరా, మీ అక్కకేనా, నీకా?" అనుకుంట మోదుగాకుల సుట్టి ఇచ్చేటోడు.

అమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చి, ఉప్పు కారం రాసి, గిన్నెల వెట్టి అక్కకిచ్చి అర్ర తలుపు దగ్గరికేసేది. కడుపుతోటున్న పిల్ల తినంగ ఎవ్వరు సూడొద్దంట, దిష్టి తగుల్తదంట. "నువ్వు పిలగానివి, నీ సూపు తగల్దు. నీళ్లు వట్టుకపో" అని నన్నొక్కన్నే లోపలికి తోలేది.

లోపల అక్క ముక్కు మూసుకొని కూసునేది. "తమ్మీ... తుప్పు వట్టిన ఇనుము వాసనొస్తుందిరా. నాతోని కాదు. నువ్వు తినెయ్యి, అమ్మకు జెప్పకు."

నాకప్పుడు పదేండ్లు. ఆ కాలిన వాసనకే నోట్లె నీళ్లూరేటియి. గబగబ తినేసేటోన్ని. బయటికి రాంగనే అమ్మ "తిన్నదా?" అంటే "మొత్తం తిన్నది" అని జెప్పేటోన్ని. అమ్మ మొకం ఎలిగిపోయేది. గట్ల ఎన్ని ఆదివారాలో...

కాన్పు రోజు బిడ్డ మంచిగనే వుట్టింది. అక్కకే రక్తం ఆగలే. నర్సమ్మలు ఉరుకుతున్నరు. బావ రక్తం సీసల కోసం ఉరికిండు. అమ్మ గోడకానుకొని ఒక్కటే మాట... "వారం వారం తిల్లి వెట్టిన గదా దేవుడా... ఏడవోయింది ఆ రక్తమంత?"

నేను పక్కనే నిలవడ్డ. అది నా కడుపుల ఉన్నదనుకున్న. నిజంగ గట్లనే అనుకున్న. దవాఖాన ఎనకకు వోయి గొంతుల వేలు వెట్టుకున్న. ఏం రాలే... పొద్దుగాల తాగిన చాయ్ తప్ప.

అక్క బతికింది. తెలివికి రాంగనే "తమ్ముడేడి?" అన్నదంట. నేను పోలే. మొకం సూపియ్యబుద్ధి కాలే.

ఎనక బడి గూడ బందు వెట్టిన. ఒక్కకాడ నిలువని మనిషినైన. మిల్లుల బస్తాలు మోసిన, హోటల్ల పనిజేసిన, ఇప్పుడు లారీ. మిర్యాలగూడల మిల్లు ముంగట వడ్ల లారీల లైన్ల రెండు రోజుల సంది కూసొని ఇది రాస్తున్న. నడుం వట్టుకపోయింది.

బోటి తింట, తలకాయ తింట, నల్ల, అదే యాట రక్తం, వేపినా తింట. కొత్త క్లీనర్ పిలగాడు "ఛీ అన్నా, అవేం తిండి" అంటడు. ఏం జెప్తం... చిన్నప్పటి సంది తిన్నోనికి అది కూర, తిననోనికి అది పేగు. గంతే. గానీ తిల్లి మాత్రం నా నోట్లెకు పోదు.

మొన్న కోదాడల అక్క ఇంటికి వోయిన. ఆడ ఉండి ఉండి అక్క మాట గూడ జర మారింది. "తినరా, నీకిష్టమని తిల్లి ముక్క నీకే వేశాను" అన్నది.

నేను కంచం దిక్కు సూసుకుంట కూసున్న. "ఏమైందిరా?" అన్నది. ఇగ ఆగలే... ఇన్నేండ్ల సంగతి మొత్తం జెప్పేసిన.

అక్క చేతుల గంటె పక్కకు వెట్టింది.

"పిచ్చోడా... నువ్వు తినకపోతే కుక్కకేసేదాన్ని. డాక్టరమ్మ గోలీలు గూడా నేను మింగలేదురా, చూర్లో దాచిపెట్టా. అమ్మకు ఈ రోజుకీ తెలీదు. తప్పు నాదైతే నువ్వెందుకు మోశావు?"

నాకు సమజైంది. నోటికే సమజ్ కాలే. ముక్కను పక్కకు వెట్టిన. అక్క నా కంచంల నుంచి తీసుకొని తినేసింది. ఆమె తిల్లి తినంగ సూసుడు నాకదే మొదలు.

ఇప్పుడు కడుపుతోటున్నోళ్లకు సూదులు, గోలీలు... మంచిదే. తిల్లి కోసం ఎవ్వరు తెల్లారంగ లేస్తలేరు. మటన్ దుకాణపోళ్లు అడగకుంటనే కవర్ల వేస్తున్నరు.

మీ ఇంట్ల గూడ ఎవలన్న ఒక ముక్కను ఏండ్ల సంది పక్కకు వెడ్తున్నరా... వాసనకే అనుకోకుండ్రి. ఒక్కసారి అడుగుండ్రి. ఏం జెప్పిండ్రో కింద రాయుండ్రి... నా లారీ ఇంక కదుల్తలేదు, సదువుకుంట కూసుంట.