మైకు ముందు లక్ష్మీరాజం సారు

మైకు చేతికందితే లక్ష్మీరాజం సారు ఏదో ఒక ఘోరం చేయకుండా వేదిక దిగరు. కామారెడ్డిలోని ఆ పీజీ కాలేజీలో అటెండరు మొదలు ప్రిన్సిపాల్ దాకా ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా, పీజీ పిల్లలకు జంకు లేకుండా మాట్లాడటం, ఇంటర్వ్యూల్లో నెగ్గడం నేర్పే వర్క్‌షాపులన్నీ ఆయన నెత్తినే పెట్టారు. ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోకపోవడమే కారణం.

అసలు మన కాలేజీల్లో వర్క్‌షాపు అంటే ఏముంటుంది? ఒక ఫ్లెక్సీ, దాని మీద ప్రిన్సిపాల్ బొమ్మ పెద్దగా, విషయం పేరు చిన్నగా. ఫ్యాను గాలికి వెలగనని మొరాయించే దీపం. పిల్లలు సర్టిఫికెట్టు కోసం వస్తారు, సమోసా కోసం ఆగుతారు. లక్ష్మీరాజం సారు వర్క్‌షాపు అయితే మాత్రం ముందే వచ్చి కుర్చీలు పట్టుకునేవాళ్లు. ఈసారి ఆయన ఏం చేస్తారో చూడాలి కదా!

ఒకసారి వ్యవసాయాధికారి అతిథిగా వస్తే, "మన బర్రెలకు సూదులిచ్చే డాక్టరుగారు" అని పరిచయం చేశారు.

"నేను పంటల ఆఫీసర్ని సార్!" అని ఆయన మొత్తుకున్నాడు.

"ఆ పంటలు మేసే బర్రెలకే" అని సారు సర్దారు.

ఇంకోసారి శాలువా పట్టుకుని అతిథిని దాటిపోయి, పక్కనున్న ఖాళీ కుర్చీకి భక్తిగా కప్పి నమస్కారం పెట్టారు. బ్యాంకు మేనేజరు ప్రసంగం ముగించగానే "వారి గౌరవార్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నారు. హాలంతా లేచి నిలబడింది. మేనేజరు కూడా నిలబడ్డాడు, పాపం.

అందరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే రేఖకు మాత్రం ఒళ్లు మండేది. రేఖది ఎల్లారెడ్డి అవతల తండా. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడాది. పుస్తకం ముందు సింహమే గానీ, మైకు ముందు మాట పెగలదు. మొదటి ఏడాది సెమినార్‌లో "గుడ్ మార్నింగ్" అని, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక మళ్లీ "గుడ్ మార్నింగ్" అంది. క్లాసు ఘొల్లుమంది. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోనేలేదు. రోజూ నవ్వులపాలయ్యే ఈ మనిషి తనకేం నేర్పుతాడని ఆమె బాధ.

"ఈ సార్ దగ్గర నేర్చుకుంటే ఉన్న మాట గూడ పోతది" అనేది పక్కన కూర్చునే హారిక. హారికకు రేఖలా మైకంటే భయం లేదు. మైకు కనిపిస్తే చాలు, పెళ్లిలో భోజనాల బంతి కనిపించినంత సంతోషం.

ఇంతలో అసలు పరీక్ష వచ్చిపడింది. ఒక విత్తన పరిశోధన కేంద్రం వాళ్లు వర్క్‌షాపు చివరి రోజున వస్తారట. ప్రతి విద్యార్థీ తన ప్రాజెక్టు గురించి మాట్లాడాలి. నచ్చినవాళ్లలో ఒక్కరికి ఉద్యోగం. ఆ మాట విన్న రోజే రేఖ తండ్రి ప్రేమ్‌సింగ్ ఫోన్ చేశాడు.

"కొలువు వస్తే మంచిదే బిడ్డా. రాకుంటే దసరా ఎల్లంగనే చెరుకు కొట్ట మాతోని వస్తవా? కూలోళ్ల మేస్త్రికి ముందే చెప్పాలె గద."

"వస్తది బాపూ" అంది రేఖ, తనకే నమ్మకం లేకుండా.

ఆ ఆదివారం ఎల్లారెడ్డిలో రైతుల సభకు తండ్రితో వెళ్తే, వేదిక మీద లక్ష్మీరాజం సారు! అయిపోయింది, మా ఊరివాళ్ల ముందు కూడా పరువు తీస్తాడు అనుకుంది. ఆయన చేతిలో కాగితం ముక్క లేదు. సోయా విత్తనం గురించి ధారగా చెప్పుకుపోయారు. ఒక్క మాట తడబడితే ఒట్టు. బీడీ కాల్చుకుందామని లేచినవాళ్లు కూడా మళ్లీ కూర్చున్నారు.

సభ అయ్యాక రేఖ ఉండబట్టలేక అడిగేసింది. "సార్, ఈడ ఒక్క తప్పు గూడ చెయ్యలేదేంది?"

"ఈడ అవసరం పడలే బిడ్డా" అని ఆయన బస్సెక్కేశారు. మనిషికి కొంచెం తిక్క ఉందని రేఖ ఖాయం చేసుకుంది.

చివరి రోజు. ఎదురుగా పరిశోధన కేంద్రం పెద్దలు, పక్కన ప్రిన్సిపాల్. "ఇవ్వాళ జాగ్రత్త" అని ఆయన సారును ముందే హెచ్చరించాడు. సారు హారికను పరిచయం చేశారు. ఒక్క పొల్లు పోలేదు. హారిక అదరగొట్టి దిగింది. తర్వాత పేరు రేఖది. ఆమె చేతిలోని కాగితాలు టపటపా కొట్టుకుంటున్నాయి. సారు అటు చూశారు. మైకు దగ్గరకు లాక్కున్నారు.

"ఇప్పుడు ఈ సమావేశంలో స్వాతంత్ర్యం తెచ్చిన ప్రిన్సిపాల్ గారికి..." అంటూ బల్ల మీది దండ అందుకుని ఒక అడుగు వేసి, వైరు తట్టుకుని, దండతో సహా వచ్చి పరిశోధన కేంద్రం పెద్దాయన ఒళ్లో కూర్చున్నారు.

హాలు దద్దరిల్లింది. పెద్దాయన కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోతూ రేఖ వేదిక వైపు నడిచింది. లేచి చొక్కా సర్దుకుంటున్న సారు ముఖంలో సిగ్గు వెతికితే దొరకలేదు.

"ఉన్న నవ్వంత నా మీద నవ్విన్రు. ఇగ నీ మీద నవ్వెటందుకు ఎవ్వని కడుపుల బలం లేదు. పో, మాట్లాడు" అన్నారు మెల్లగా.

అప్పుడు వెలిగింది రేఖకు. బర్రెల డాక్టరు తర్వాత మాట్లాడినవాడు నత్తి ఉన్న అబ్బాయి. ఖాళీ కుర్చీ శాలువా తర్వాత లేచింది వణికిపోతున్న బిచ్కుంద ఊరి అమ్మాయి. ఎవరి మీదా హాలు నవ్వలేదు. ఈ పిచ్చి మారాజు మీద ప్రేమ పొంగింది రేఖకు. వేదికెక్కి మైకు పట్టుకుంది. మధ్యలో రెండు చోట్ల తడబడింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

ఉద్యోగం రేఖకే వచ్చింది. కాలేజీ పరువు తీశారని ప్రిన్సిపాల్ సారును నానా మాటలన్నాడు. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. ఆ తర్వాత పత్రికలవాళ్లకు ఆ ఉద్యోగం తన కృషి ఫలితమేనని ప్రిన్సిపాల్ చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు రేఖను వర్క్‌షాపుకు అతిథిగా పిలిచారు. కళ అనే పిట్లం ఊరి అమ్మాయిని పరిచయం చేసే పని ఆమెదే. కళ పెదవులు తడారిపోయి ఉన్నాయి. రేఖ గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు మన ప్రిన్సిపాల్ గారు నాట్యం చేస్తారు!"

పేరు వినగానే అలవాటు కొద్దీ ప్రిన్సిపాల్ సగం లేచాడు. హాలు పగలబడి నవ్వింది. కళ కూడా నవ్వింది. నవ్వుతూనే మైకు అందుకుంది.

సభ ముగిశాక లక్ష్మీరాజం సారు రేఖను పక్కకు పిలిచారు. "మంచిగనే చేసినవ్ గానీ, అందరికన్న ముందుగాల నువ్వే నవ్వినవ్. గట్ల నవ్వద్దు బిడ్డా. మొఖం అమాయకంగ పెట్టాలె. శనివారం రా, దానికి గూడ ఒక వర్క్‌షాపు పెడ్త."

రేఖ సెలవు పెట్టి మరీ వెళ్లింది.