ఎగిరే బాతు డాలరు

కెనడాలోని మూస్ జా ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆర్డిత్ లొజిన్‌స్కీకి నాణేల పిచ్చి అంటించినవాడు మెర్విన్ హుపాలో. భర్త పోయిన చలికాలం, గోడల వంక చూస్తూ కూర్చున్న మనిషిని నాణేల క్లబ్బుకు లాక్కెళ్లాడు. భూతద్దం చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మెరుపు చూసి పడిపోకు ఆర్డిత్, అంచు చూడు. ప్రూఫ్‌లైక్ రకం నాణెం అయితే అచ్చు ఒక్క దెబ్బతో సరి. స్పెసిమెన్ అంటే అంతకన్నా మేలురకం, దానికి రెండు దెబ్బలు. అందుకే స్పెసిమెన్ అంచు చెక్కినట్టు పలకగా ఉంటుంది."

ఆమె దగ్గర స్పెసిమెన్ ఒక్కటే ఉండేది. భర్త కొనిపెట్టిన అరవై ఏడు నాటి ఎగిరే బాతు వెండి డాలరు. ప్రదర్శనకు ఫొటో తీయించి తెస్తానని మెర్విన్ అడిగితే, డబ్బాతో సహా ఇచ్చేసింది. కొన్నాళ్లకు భద్రంగా తిరిగొచ్చింది.

ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర డబ్బా తెరిచింది. అదే బాతు, అదే సంవత్సరం. కాని అంచు మొద్దుగా ఉంది. బాతు చుట్టూ గుడ్డతో రుద్దిన సన్నటి గీతలు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. పొరపాటు తన కళ్లదే అయితే బాగుండుననుకుంది.

ఆ వారం మాజీ సైనికుల లీజియన్ హాల్లో క్లబ్బువాళ్లందరూ పెరోగీ కుడుములు తింటుండగా నాణెం మెర్విన్ ముందు పెట్టింది.

"మెర్వ్, ఇది నాది కాదు."

"నీదే. నీ కళ్లకి శుక్లాలొచ్చినట్టున్నాయి." బల్ల చుట్టూ నవ్వారు.

"అయితే నీ కళ్లతో చూసి చెప్పు. ఇది స్పెసిమెనేనా?"

అతను భూతద్దం ముట్టుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"నా సెట్టులో అదొక్కటే తక్కువైంది," అన్నాడు చివరికి, పళ్లెంలోకి చూస్తూ. "నువ్వు పోల్చుకోలేవనుకున్నా."

"ఇన్నాళ్లూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పావే! నాకేమీ రాలేదనే అనుకున్నావా?"

మర్నాడు మెర్విన్ అసలు నాణెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ తలుపు తీస్తూనే కాఫీ పెట్టే ఆర్డిత్, ఆరోజు అతన్ని మంచులోనే నిలబెట్టి, భూతద్దంతో నాణెం రెండువైపులా చూసింది. ఆ చూడడం చూసి అతని ముఖం మాడిపోయింది.

"ఇదే," అని తలుపు వేసేసింది.

ఆ తర్వాత మెర్విన్ దగ్గర్లోని రెజైనా నగరం క్లబ్బుకు మారిపోయాడు. ఆర్డిత్ ఇక్కడి క్లబ్బుకే వెళుతోంది. కొత్తవాళ్లెవరైనా నాణెం ఓసారి చేతికిమ్మని అడిగితే మాత్రం, "ఇక్కడే చూడండి," అంటూ డబ్బాను తనవైపు లాక్కుంటుంది. అలా లాక్కున్న ప్రతిసారీ ఆమెకు తన మీద తనకే రోత పుడుతుంది.