సబ్బు రాసిన కమాను

పోయిన ఆదివారం పొద్దున మా తిరువూరు ఫంక్షను హాల్లో, వేదిక వెనక ఉన్న చిన్న గదిలో, మా మనవరాలు తన వయొలిన్ కమానుకు సబ్బు రాసుకుంటుండగా చూశాను. వయొలిన్ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కమాను వెంట్రుకలకు గుగ్గిలం రాస్తేనే అది తీగను పట్టుకుని పలికిస్తుంది. సబ్బు రాస్తే జారిపోతుంది, ఎంత లాగినా చప్పుడు రాదు. అంటే ఆ పిల్ల వాయించకుండా ఉండటానికి సిద్ధమవుతోందన్నమాట. బయట హాలు నిండా జనం, గుమ్మం దగ్గర దాని నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద అది వాయించి వచ్చిన దేశాల పేర్లన్నీ వరసగా, వాటి పైన మన ఊరి అంతర్జాతీయ విద్వాంసురాలికి ఆత్మీయ సత్కారం అని బంగారు రంగు అక్షరాలు. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది.

ఇదేం పనే అని అడిగితే అది తల కూడా ఎత్తకుండా, "డాడీ ట్రాక్ పెట్టిస్తున్నారు అమ్మమ్మా, నేను ఊరికే కమాను ఆడిస్తే చాలంట" అంది. పక్కనే ఉన్న మా అల్లుడు అందుకుని, "ఈ హాల్లో మైకులు ఎట్టా పలుకుతాయో తెలీదు కదండీ అత్తయ్యగారూ, ఫారిన్ ఫెస్టివల్ వాళ్ళకి ఈ వీడియోనే పంపాలి, తేడా వస్తే మళ్ళీ ఇంత జనాన్ని ఎక్కడ తెస్తాం" అన్నాడు. సరే, సబ్బు సంగతి నీకెవరు చెప్పారే అన్నాను. "నువ్వే చెప్పావుగా! మీ ట్రూపులో ఎవరో అమ్మాయి ఇట్టాగే చేసేదని చిన్నప్పుడు నవ్వుతా చెప్పావు" అంది. అవును, చెప్పాను. ఆ అమ్మాయిని నేనే. ఈ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, ముఖ్యంగా ఆ సమయానికి ముందు వరసలో కూర్చుని ఉన్న మా అక్కతో అనలేదు.

మా వయసు వాళ్ళకు హరికథలు గుర్తుండే ఉంటాయి. ఎ.కొండూరులోనో వినగడపలోనో కథ ఉందంటే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా చాపలు చంకన పెట్టుకుని వచ్చేవారు. కథకుడి వెనక ఒక పక్క మృదంగం, ఇంకో పక్క వయొలిన్ ఉండేవి. ఆ వయొలిన్ మా బాబాయిది. మాది వ్యవసాయ కుటుంబం, నాన్న పొలం చూసుకునేవాడు, బాబాయి పొలం చూస్తున్నానని చెప్పి చేను గట్టు మీద సాధకం చేసేవాడు. కుర్రతనంలో బెజవాడలో ఎవరో విద్వాంసుడి ఇంట నాలుగేళ్ళుండి నేర్చుకున్న విద్య అది. పిల్లలు లేని ఆ మనిషి దాన్నంతా మా అక్కకూ నాకూ ధారపోశాడు. పొద్దున కాఫీ కంటే ముందు వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనించి కూర్చోవాలి. ఇద్దరం ఒకే స్వరం, ఒకే గమకం పలికించాలి, ఇద్దరి కమానూ ఒకే వైపు కదలాలి, బాబాయి కళ్ళు మూసుకుని వినేవాడు. ఎవరు ఏది వాయిస్తున్నారో తనకే తెలియనంతగా కలిసిన రోజున ఆయన ముఖం చూసి తీరాలి! "వాయించేది మీరు కాదర్రా, నా బాణీ" అనేవాడు. ఆ మాటను మేము ముగ్గురమూ పూర్తిగా నమ్మాం. తరువాత జరిగిన తప్పంతా ఆ నమ్మకంలో నుంచే వచ్చింది.

నిజానికి మా ఇద్దరి చెయ్యి ఒకటి కాదు. అక్క తోడి రాగం మొదలుపెడితే వంటింట్లో అమ్మ గరిటె పక్కన పెట్టేది. నేను మొదలుపెడితే పప్పు ఉడికిందో లేదో చూసుకునేది. ఆ తేడా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అయితే అక్కకు పద్నాలుగో ఏట నుంచి పెదవుల మీద, వేళ్ళ మీద తెల్లమచ్చలు వచ్చాయి. ఎవరికీ అంటుకునేది కాదని డాక్టరు చెప్పినా ఊళ్ళో వాళ్ళ చూపులు మారలేదు. హరికథకు పిలిచేవాళ్ళు కూడా మెల్లమెల్లగా, చిన్నమ్మాయిని తీసుకురండి చాలు అనడం మొదలుపెట్టారు. ఆ మనుషులను తలచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యమే, కానీ వాళ్ళు పిలవగానే వెళ్ళి కూర్చున్నది నేనే కదా.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక నాట్య బృందం వాళ్ళు విదేశాలకు వెళుతూ, వయొలిన్ వాయించే ఆడపిల్ల కావాలని, వాయించిన క్యాసెట్టు, ఒక ఫొటో పంపమని బాబాయికి కబురు చేశారు. నాట్యం చేసేవాళ్ళు వేషాలు మార్చుకునేంతసేపు తెర ముందు ఒక్కతే కూర్చుని వాయించాలట. అలాంటి అవకాశం మా చుట్టుపక్కల ఎవరికీ వచ్చి ఎరగదు. మా బజారులో రేడియోలు బాగుచేసే సాయిబుగారి కొట్లో, ఫ్యాను ఆపించి, తలుపులకు దుప్పట్లు కట్టించి, బాబాయి రెండు క్యాసెట్లు రికార్డు చేయించాడు, ఒకటి నాది, ఒకటి అక్కది. రెండూ విన్నాడు. పంపింది అక్క తోడి, నా ఫొటో. సాయిబుగారు క్యాసెట్టు చేతికిస్తూ, "ఇది పెద్దమ్మాయిది కదండీ" అన్నారు. "ఇద్దరిదీ ఒకే చెయ్యి లెండి" అన్నాడు బాబాయి, అబద్ధమాడుతున్నానని ఆయనకు అనిపించినట్టే లేదు. అక్కకు కూడా అనిపించలేదు. నా జడకు రిబ్బను కట్టి ఫొటో స్టూడియోకు పంపింది తనే. ఆ తరువాత రెండు నెలలు, అక్కడికి వెళ్ళేలోపు నువ్వు నాకంటే బాగా వాయించాలే అంటూ నా పక్కన కూర్చుని వేళ్ళు వాచేదాకా సాధకం చేయించింది.

అక్కడ మొదటి ఊళ్ళో నేను నిజంగానే వాయించాను. చలికి వేళ్ళు బిగుసుకుపోయాయి, మా ఎండలకు అలవాటుపడిన వయొలిన్‌కు తీగలు బిగించే బిరడాలు జారి శ్రుతి వదులైంది, తోడిలో గాంధారం పట్టుకోలేక అపస్వరాలు పలికాను. నాట్యాచార్యుడు తిట్టలేదు. మర్నాడు ఒక సబ్బు బిళ్ళ నా చేతిలో పెట్టి, "కమానుకు రాయమ్మా. నువ్వు పంపిన క్యాసెట్టే వేస్తాం, నువ్వు ఊరికే ఆడించు" అన్నాడు. క్యాసెట్టులో ఉన్నది ఎవరని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అక్క కమాను ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో నాకు కంఠతా వచ్చు కనుక ఒక్క చోట కూడా దొరకలేదు. బాబాయి అన్నేళ్ళు మా చేత కలిపించిన కలయిక ఇందుకు పనికివచ్చింది. ఆ పైన పదకొండు ఊళ్ళలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకచోట తలనెరిసిన తెల్లావిడ ఒకరు లోపలికి వచ్చి, నా వేళ్ళు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ వెళ్ళాక ఆ వేళ్ళను రుద్ది రుద్ది కడుక్కున్నాను, అయినా మర్నాడు మళ్ళీ కమానుకు సబ్బు రాసుకున్నాను.

ఇంటికి వచ్చాక అక్క అడిగింది ఒక్కటే, "తోడి నచ్చిందా వాళ్ళకి?" అని. "లేచి నిలబడ్డారక్కా" అన్నాను. మచ్చలు వచ్చాక ఎవరింటి గుమ్మమూ తొక్కని మనిషి ఆ రోజు ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటికీ తానే వెళ్ళి, మా చెల్లి తోడికి అక్కడివాళ్ళు లేచి నిలబడ్డారంట అని చెప్పి వచ్చింది. చెల్లెలికి నేర్పగలిగాను కదా అన్న ధైర్యంతోనే ఆ ఏడు ఊళ్ళో పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. పెళ్ళి లేదు, వేదిక లేదు, ఆ పాఠాలే ఆమె బతుకు. నేను పెళ్ళి చేసుకుని వయొలిన్ అటకెక్కించాను, సంసారంలో తీరిక లేదని చెప్పాను. ఇక నిజం ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

అక్క దగ్గర ఆరో ఏట పాఠానికి కూర్చున్న పిల్ల మా మనవరాలు. దానికి నా చెయ్యి రాలేదు, అచ్చం అక్క చెయ్యి. దేశదేశాల వాళ్ళు పిలిచి వాయించమంటున్నారంటే ఊరికే కాదు, అందుకే నాకు రోత మరీ ఎక్కువ. దానికిప్పుడు ఒక మేనేజరున్నాడు. ఆలాపనతో మొదలుపెడితే జనం ఉండరు, ఏదైనా వేగంగా కానివ్వమంటాడట. మొన్నామధ్య గంపలగూడెం దారిలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళను పక్కకు జరగమని, ఆ చేలో జుట్టు విరబోసుకుని నిలబడి వీడియో తీయించుకుంది, ఆ వయొలిన్‌కు ఆ రోజు శ్రుతి కూడా చేయలేదు. దాని తోటి వీణ పిల్లలూ వయొలిన్ పిల్లలూ అందరిదీ అదే వరస, సాధకం కంటే ఫొటోలకే ఎక్కువసేపు పడుతుంది. మా నాట్యాచార్యుడు నాకు సబ్బు ఇచ్చాడంటే నాకు చేతకాలేదు గనక ఇచ్చాడు. చేతనైన పిల్లకు ఈ ఖర్మేమిటి?

ఆ కంపరంతోనే వచ్చి అక్క పక్కన కూర్చున్నాను. తెర తీశారు, స్పీకర్లలోంచి తోడి మొదలైంది, స్టూడియోలో రికార్డు చేసినది, వేదిక మీద పిల్ల కళ్ళు మూసుకుని కమాను ఆడించింది. అక్కకు డెబ్బై దాటినా చూపూ చెవీ చెక్కుచెదరలేదు. అర నిమిషం విన్నదో లేదో నా వైపు వంగి, "పిల్ల వాయించడంలా. స్వరం సాగుతుంటే కమాను ఆగిపోయింది చూడు" అంది. మరికాస్త చూసి, "ఛీ, ఈ పాడుబుద్ధి దీనికి ఎవరు నేర్పారే?" అంది. ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగినదాన్ని ఆ ప్రశ్న దగ్గర దొరికిపోయాను. "నేనే అక్కా" అన్నాను. ఆ తోడి సాగుతుండగానే ఆమె చెవిలో సబ్బు దగ్గర నుంచి తెల్లావిడ దాకా అంతా చెప్పేశాను.

అక్క వేదిక వైపే చూస్తూ, "అయితే వాళ్ళందరూ లేచి నిలబడింది నా తోడికా?" అంది. నీకే అన్నాను. ఆమె సంతోషిస్తుందని మనసులో ఏ మూలో ఆశపడ్డాను, ఇన్నాళ్ళ పాపం అంత చవగ్గా పోతుందనుకున్నాను. అక్క నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. "నాకెందుకే అది? నువ్వు వాయించావనే కదా ఇన్నాళ్ళూ పొంగిపోయాను" అని లేచి, జనం మధ్య నుంచి బయటికి నడిచింది. తన గురువు వెళ్ళిపోవడం వేదిక మీద కళ్ళు తెరిచి చూసిన పిల్ల బిత్తరపోయి కమాను ఒళ్ళో పెట్టేసింది. తోడి మాత్రం స్పీకర్లలోంచి సాగుతూనే ఉంది. ఆ పదకొండు ఊళ్ళలో ఎక్కడైనా ఇలా జరిగి ఉంటే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇక్కడ ఎవరికీ ఏమీ అనిపించలేదు, ఫోనులు పైకెత్తి పట్టుకుని రాగం అయ్యేదాకా తీసి, చివర చప్పట్లు కూడా కొట్టారు.

సోమవారం పాఠానికి వచ్చిన పిల్లలను అక్క వెనక్కి పంపేసింది. సొంత చెల్లికే నేర్పలేనిదాన్ని, మీకేం నేర్పుతానమ్మా అందట. మనవరాలు వెళ్ళి అక్క ఇంటి గుమ్మంలో చాలాసేపు నిలబడి తిరిగి వచ్చింది, నేను ఆ మాత్రం ధైర్యం కూడా చేయలేకపోయాను. ఇన్నేళ్ళుగా మా వీధిలో పొద్దున్నే వినిపించే వయొలిన్ ఈ వారం రోజుల నుంచి వినిపించడం లేదు. పాలు పోసే మనిషి తప్ప ఆ సంగతి అడిగినవాళ్ళు కూడా లేరు. పిల్ల కమాను దించిన చోటు కత్తిరించి మా అల్లుడు ఊరందరికీ పంపిన వీడియో మాత్రం ఇంటింటా మోగుతోంది, కనబడిన ప్రతివాళ్ళూ నన్ను ఆపి, మీ మనవరాలు ఎంత బాగా వాయించిందండీ అంటున్నారు.